ప్రామ్ రాత్రి కారు బుకింగ్: ముందు తిరుగు ప్రయాణం, తర్వాతే బండి

నేపథ్యం

న్యూజెర్సీ మధ్య భాగంలో డ్రైవర్‌తో (మా భాషలో షోఫర్) సహా కార్లు అద్దెకిచ్చే కంపెనీలో డిస్పాచ్, అంటే ఏ బండి ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో చూడటం, గ్రూప్ బుకింగులు చూడటం నా పని. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు, పెళ్లిళ్లు, ఆఫీసు వాళ్ల కార్లు ఏడాది పొడవునా ఉంటాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా వీటికి ప్రామ్‌లు తోడవుతాయి. హైస్కూల్ చివరి ఏళ్ల పిల్లలకు స్కూలు ఏర్పాటు చేసే డిన్నర్, డాన్స్ రాత్రి అది. ఇక్కడ పెరిగిన మన పిల్లలు దానికోసం నెలల ముందు నుంచే ఎదురుచూస్తారు. వాళ్ల అమ్మానాన్నల్లో చాలామంది గుంటూరులోనో కరీంనగర్‌లోనో చదువుకున్నవాళ్లు. ఫేర్‌వెల్ పార్టీ తెలుసు గానీ ప్రామ్ ఎలా ఉంటుందో చూసినవాళ్లు కాదు. అందుకే ఏం అడగాలో తెలియక, పిల్లలు చెప్పింది చెప్పినట్టు బుక్ చేసేస్తుంటారు.

ఈ కేసు రాయడానికి కారణం అదే. కుటుంబాలను గుర్తుపట్టే వీలు లేకుండా ఊళ్లు, స్కూలు, కొన్ని వివరాలు మార్చాను.

ఏ సమస్యతో వచ్చారు

పన్నెండు మంది పిల్లలు, అందరూ 17, 18 ఏళ్లవాళ్లు. ఎక్కువమంది తెలుగు కుటుంబాల వాళ్లే, మిగతావాళ్లు వాళ్ల స్నేహితులు. ప్రామ్ ఇంకో ఐదు వారాలుందనగా ఒక తల్లి ఫోన్ చేశారు. "అన్నయ్యా, పిల్లలు పార్టీ బస్ బుక్ చేసుకున్నారు. డిపాజిట్ కూడా కట్టేశారు. ఇప్పుడు వాడు ఫోన్ ఎత్తట్లేదు. నాకేదో అనుమానంగా ఉంది."

జరిగిందేమిటంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించిన ప్రకటన చూసి పిల్లలే మాట్లాడుకున్నారు. ఇరవై సీట్ల పార్టీ బస్, ప్రామ్ అయ్యాక న్యూయార్క్ నగరం మాన్‌హాటన్‌లో రెండు గంటల రౌండ్. ధర మిగతావాళ్లు చెప్పిన దాంట్లో సగం. డిపాజిట్ జెల్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా ఇంకొకరి ఖాతాకు డబ్బు పంపే పద్ధతి)లో పంపారు. రసీదు లేదు, ఒప్పందం లేదు. బండి ఫొటో మాత్రం ఉంది.

ఆవిడ అడిగింది ఒక్కటే, ఇది మోసమా కాదా అని. వివరాలు విన్నకొద్దీ నాకు వేరే సంగతి పట్టుకుంది. వెళ్లేటప్పుడు ఎవరు ఎక్కడ ఎక్కాలి, ఫొటోలు ఎక్కడ, పాటలు ఏమిటి అన్నదాని మీద గ్రూప్ చాట్‌లో వందల మెసేజ్‌లు ఉన్నాయి. రాత్రి 11 గంటలకు హాల్ బయట ఏం జరుగుతుందన్న దాని మీద ఒక్క మెసేజ్ కూడా లేదు. బండి నిజమైనదే అయినా ఈ ప్లాన్ నిలబడేది కాదు.

ముందు చేసిన ప్రయత్నాలు

మొదట ఆ పార్టీ బస్ సంగతి తేల్చాలి. అద్దె తీసుకుని ప్రయాణికులను రాష్ట్రం సరిహద్దు దాటించే ఇలాంటి బండికి ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబర్ (యూఎస్ డాట్ నంబర్ అంటారు) చెబితే ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆపరేటర్‌కి అనుమతి ఉందా, తనిఖీల్లో బండ్లను ఆపేశారా అన్నవి అక్కడ తెలుస్తాయి. ఆ నంబర్ అడుగుతూ పిల్లల చేత మెసేజ్ పెట్టించాం. "మేం లోకల్, మాకు అక్కర్లేదు" అని జవాబు వచ్చింది. హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లోకి తీసుకెళ్తానని ప్యాకేజీ అమ్మినవాడు లోకల్ ఎలా అవుతాడు?

ఇంకో లెక్క కూడా ఉంది. డ్రైవర్‌తో కలిపి 16 మందికి, లేదా అంతకంటే ఎక్కువమందికి తయారైన బండి నడపాలంటే మామూలు లైసెన్స్ చాలదు. ప్యాసింజర్ ఎండార్స్‌మెంట్ (ప్రయాణికులను తీసుకెళ్లడానికి అదనపు అనుమతి) ఉన్న కమర్షియల్ లైసెన్స్ కావాలి. రాష్ట్రాలు దాటే అలాంటి బండికి ఫెడరల్ నియమాల ప్రకారం కనీసం 50 లక్షల డాలర్ల బీమా ఉండాలి. 15 సీట్లు, అంతకంటే తక్కువైతే 15 లక్షల డాలర్లు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎంతమంది ఎక్కారన్నది లెక్క కాదు, బండి ఎన్ని సీట్లకు తయారైందన్నది లెక్క. ఇరవై సీట్ల బస్‌లో పన్నెండు మందే కూర్చున్నా అది పెద్ద బండే.

ఇదంతా కాగితాల గొడవ అని ఒక తండ్రి విసుక్కున్నారు. 2018 అక్టోబర్ 6న న్యూయార్క్ రాష్ట్రంలోని స్కొహారీలో జరిగింది ఆయనకు చెప్పాను. పుట్టినరోజు పార్టీకి బయల్దేరిన స్ట్రెచ్ లిమో (పొడవు పెంచిన కారు) బ్రేకులు ఫెయిలై 20 మంది చనిపోయారు. తనిఖీలో ఫెయిలై రోడ్డెక్కకూడదని తేల్చిన బండి అది. డ్రైవర్‌కి ఆ బండికి తగిన లైసెన్స్ లేదు. ఎక్కినవాళ్లకు ఇవేవీ తెలియవు. వాళ్లు ముందు బుక్ చేసుకున్న బస్ చెడిపోతే చివరి నిమిషంలో దొరికిన బండి అది. ప్రామ్ రాత్రి కూడా ఊళ్లో బండ్లన్నీ బుక్కైపోయాక మిగిలేవి ఇలాంటివే. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు.

డిపాజిట్ తిరిగి రాలేదు. జెల్‌లో మనమే పంపిన డబ్బు వెనక్కి రావడం కష్టం. క్రెడిట్ కార్డ్ మీద కట్టి ఉంటే బ్యాంకులో డిస్‌ప్యూట్ వేసే దారి ఉండేది.

తర్వాత అమ్మానాన్నలు, "లిమో వద్దు, ఏమీ వద్దు, మేమే దింపుతాం, మేమే తెస్తాం" అన్నారు. ఖర్చు లేని పని, తప్పేమీ లేదు. కానీ పిల్లల్లో ముగ్గురు దానికి పోటీగా తామే డ్రైవ్ చేస్తామన్నారు. న్యూజెర్సీలో 17 ఏళ్లకు వచ్చేది ప్రొబేషనరీ లైసెన్స్. దానితో రాత్రి 11:01 నుంచి తెల్లవారుజామున 5 దాకా నడపకూడదు. అమ్మో నాన్నో పక్కన లేకపోతే ఒక్కరిని మించి ఎక్కించుకోకూడదు. ప్రామ్ ముగిసేది సరిగ్గా 11కి. అంటే కారు తీసుకెళ్లిన పిల్లాడు పార్కింగ్ లాట్ దాటకముందే నిబంధన మీరినట్టు. పెద్దవాళ్లు తేవడమంటే ఇంటికొక కారు చొప్పున అర్ధరాత్రి ఒకే గేటు ముందు నిలబడాలి. పిల్లలు కలిసి వెళ్లాలన్న ముచ్చట కూడా తీరదు. ఆ ముచ్చటను నేను తేలిగ్గా తీసుకోను. నాలుగేళ్లు కలిసి చదివి, ఆగస్టులో తలో కాలేజీకీ వెళ్లిపోయే పిల్లలు. ఒకే బండిలో వెళ్లాలనుకోవడం న్యాయమైన కోరిక.

మూడో ప్రయత్నం బుకింగ్ మా దగ్గరికి వచ్చాక జరిగింది. ప్రతి ఇంటి ముందూ బండి ఆగాలి, గుమ్మంలో ఫొటో దిగాలి అని అందరి కోరిక. మొత్తం ఏడు ఇళ్లు. ఒక్కో చోట "ఐదు నిమిషాలే" అంటారు. అమ్మమ్మ దిష్టి తీయాలి, హైదరాబాద్‌లో ఉన్న పెద్దమ్మకు వీడియో కాల్‌లో చూపించాలి, కోటుకి పువ్వు పిన్ను గుచ్చాలి. అది పావుగంటకు తగ్గదు. ఏడు పావుగంటలు, మధ్యలో రూట్ 1 మీద సాయంత్రం ట్రాఫిక్, అన్నీ కలిపి రెండున్నర గంటలు తేలింది. మొదట ఎక్కిన పిల్ల అంతసేపూ గౌనులో కూర్చునే ఉండాలి. బిల్లు కూడా గరాజ్ నుంచి బండి కదిలిన నిమిషం నుంచే మొదలవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి పంపాక ఆ ఆలోచన మానుకున్నారు.

ప్లాన్ వెనక నుంచి మొదలుపెట్టాం

ఆ తల్లిని ఒక ప్రశ్న అడిగాను: "చివరి పిల్లో పిల్లాడో ఎన్నింటికి ఇంట్లో ఉండాలి?" కుటుంబాలన్నీ మాట్లాడుకుని ఒంటిగంటన్నర అన్నాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చాం.

మాన్‌హాటన్ ఆలోచన అక్కడే ఆగిపోయింది. 11:20కి హాల్ నుంచి బయల్దేరితే టన్నెల్ దాటి, తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చి అందరినీ దింపేసరికి మూడవుతుంది. పిల్లలకు "వద్దు" అని చెప్పలేదు, ఈ టైమ్ షీట్ ఇచ్చాం. వాళ్లే చర్చించుకుని డైనర్‌కి (అమెరికన్ తరహా మామూలు రెస్టారెంట్) వెళ్తామన్నారు. న్యూజెర్సీలో పెరిగినవాళ్లకు అర్ధరాత్రి డైనర్‌లో కూర్చుని డిస్కో ఫ్రైస్ (గ్రేవీ, చీజ్ వేసిన బంగాళదుంప ఫ్రైస్) తినడం వేరే సరదా. హాల్‌కి పావుగంట దూరంలోనే ఒకటుంది. ఇది మాన్‌హాటన్ కంటే మంచి నిర్ణయమని నా అభిప్రాయం. రాత్రి ఆ వేళ నగరంలో బండి దిగిన పన్నెండు మంది పిల్లలను తిరిగి ఒక్కచోట చేర్చడం ఎవరి వల్లా కాదు.

తర్వాత తేలింది ఇంకో సంగతి. పిల్లలందరూ ఒకేలా తిరిగి రారు. కొందరి ఇళ్లలో "డాన్స్ అయిపోగానే ఇంటికి" అన్నారు. రాత్రి మగపిల్లలతో డైనర్ ఏమిటని ఒక ఇంట్లో గట్టి వాదనే జరిగింది. అది వాళ్ల ఇంటి విషయం, నేను కలగజేసుకోలేదు. కానీ ప్లాన్‌లో రెండు దారులూ ఉండాలి. లేకపోతే ఆ అమ్మాయి అందరి ముందూ "మా నాన్న ఒప్పుకోలేదు" అని చెప్పుకోవాల్సి వస్తుంది, లేదా నాన్నకు చెప్పకుండా వెళ్తుంది. ఈ రెండూ జరగకూడదు.

ఈ కారణంతోనే ఒక పెద్ద బండి బదులు రెండు బండ్లు సూచించాను. వెళ్లడానికీ డైనర్‌కీ 14 మంది పట్టే స్ప్రింటర్ వ్యాన్. రాత్రి 9:30 నుంచి ఆరుగురు పట్టే ఎస్‌యూవీ, నేరుగా ఇంటికి వెళ్లేవాళ్ల కోసం. పార్టీ బస్‌లో బెంచీ సీట్లు గోడ వెంట పక్కకు తిరిగి ఉంటాయి, బెల్ట్ ఉన్నా ఎవరూ పెట్టుకోరు. మేం ఇచ్చిన స్ప్రింటర్‌లో సీట్లన్నీ ముందుకు చూస్తాయి, ప్రతి దానికీ బెల్ట్ ఉంది. లైట్లు, పాటలు ఎలాగూ ఉన్నాయి.

స్ప్రింటర్‌ని హాల్ దగ్గర దింపి పంపేసి, 11కి మళ్లీ పిలిస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని అడిగారు. మామూలు రోజైతే నేనూ అదే చెబుతాను. ప్రామ్ రాత్రి మాత్రం మధ్యలో వదిలేసిన బండికి వెంటనే ఇంకో ట్రిప్ పడుతుంది, అది ఆలస్యమైతే ఇది ఆలస్యమవుతుంది. అందుకే స్ప్రింటర్‌ని అక్కడే ఉంచాం. ఎస్‌యూవీని మాత్రం అవసరమైన గంటలకే తీసుకున్నాం. ఆదా చేసింది అక్కడ.

షోఫర్ విషయంలో ఒక మార్పు చేశాను. మొదటి రోస్టర్‌లో స్ప్రింటర్ నడపాల్సిన ఆయనకు అదే రోజు ఉదయం 5కి న్యూఆర్క్ ఎయిర్‌పోర్ట్ ట్రిప్ పడింది. ప్రయాణికుల బండ్లకు ఫెడరల్ రూల్ ప్రకారం పది గంటల డ్రైవింగ్, 15 గంటల డ్యూటీ హద్దు. మధ్యాహ్నం ఆఫ్ డ్యూటీ చూపిస్తే కాగితం మీద సరిపోతుంది. కానీ చివరి పిల్లను దింపే వేళకు ఆయన నిద్ర లేచి ఇరవై గంటలు దాటుతుంది. మధ్యాహ్నం 2కి డ్యూటీ ఎక్కే మనిషిని పెట్టాం. ఏ కంపెనీలో బుక్ చేసినా తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడగాలి: "ఆ రోజు ఈ డ్రైవర్ గారు ఎన్నింటికి డ్యూటీ ఎక్కుతారు?" సూటిగా చెప్పలేని కంపెనీకి డిపాజిట్ కట్టకండి.

ఇంకొకటి కూడా అడగాలి. మా లైన్‌లో ఫార్మ్ అవుట్ అంటాం. బండ్లు చాలనప్పుడు ట్రిప్‌ని ఇంకో కంపెనీకి ఇచ్చేయడం. అది తప్పు కాదు, ఈ వ్యాపారం అలాగే నడుస్తుంది. కానీ ప్రామ్ రాత్రి మీరు చూసిన బండి ఒకటి, వచ్చే బండి ఒకటి అవుతుంది. బండి గానీ కంపెనీ గానీ మారితే 48 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలని కన్ఫర్మేషన్‌లో రాసి ఇచ్చాం. టిప్ 20 శాతం బిల్లులోనే ఉందని కూడా రాశాం. అది చూసుకోక చివర్లో మళ్లీ ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

మద్యం గురించి ఒక్క వాక్యమే పెట్టాం: 21 ఏళ్లలోపు వాళ్ల దగ్గర బాటిల్ కనిపిస్తే బండి ఆగుతుంది, ఇంటికి ఫోన్ వెళ్తుంది, డబ్బు తిరిగి రాదు. పిల్లలూ పెద్దలూ సంతకం పెట్టారు.

చివరిగా, డ్యూటీ పేరెంట్. ఎవరో ఒక తల్లో తండ్రో ఆ రాత్రి హాల్‌కి పది నిమిషాల దూరంలో ఉండాలి. లిస్టులో మార్పులకు షోఫర్లు ఆ ఒక్కరి మాటే వింటారు. ఇది పెట్టడానికే ఎక్కువ కష్టపడ్డాను. "మీ డ్రైవర్లున్నారుగా" అన్నారు. షోఫర్ బండి నడుపుతాడు. ఎవరి బిడ్డ ఎవరితో వెళ్లాలో నిర్ణయించే అధికారం అతనికి ఉండదు, ఉండకూడదు. చివరికి మొదట ఫోన్ చేసిన తల్లే ఒప్పుకున్నారు.

ఆ రాత్రి

ఇళ్ల దగ్గర ఫొటోలు ముందే దిగి, అందరూ చెరువున్న ఒక పార్కుకి వచ్చారు. ఒకే పికప్. అక్కడ ఇంకో రెండు స్కూళ్ల పిల్లలు అదే మంటపం దగ్గర ఫొటోలకు నిలబడటంతో ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అరగంట వెసులుబాటు పెట్టుకున్నాం కాబట్టి ఇబ్బంది కాలేదు.

ఈలోపు జంటలుగా వచ్చేవాళ్లు చేరి పన్నెండు మంది పద్నాలుగు అయ్యారు. ఎక్కే వేళకు పదిహేనో అబ్బాయి వచ్చాడు. "ఒక్కడేగా, సర్దుకుంటాం అంకుల్" అని పిల్లలందరూ షోఫర్‌ని బతిమాలారు. ఆయన మర్యాదగానే తలుపు దగ్గర చెయ్యి అడ్డుపెట్టి, ఒక్కొక్క సీటు బెల్టూ చూపించి లెక్కపెట్టారు. పద్నాలుగు. ఆ అబ్బాయిని వాళ్ల నాన్న తన కారులో హాల్ దాకా తెచ్చి దింపారు. తిరుగు ప్రయాణానికి ఎస్‌యూవీలో చోటుంది కాబట్టి, ఆ తండ్రి నుంచి మెసేజ్ వచ్చాక పేరు లిస్టులో చేర్చాం.

అసలు పరీక్ష 9:40కి వచ్చింది. ఒకమ్మాయి ఏడుస్తూ డ్యూటీ పేరెంట్‌కి ఫోన్ చేసింది, ఇంటికి వెళ్లిపోతానని. కారణం మాకు అనవసరం. ఎస్‌యూవీ పది నిమిషాల ముందే వచ్చి ఉంది. కానీ ఆ వేళ ఆ పిల్లను ఒక్కదాన్నే ఎక్కించి పంపడం నాకు ఇష్టం లేదు. స్నేహితురాలు తోడు వస్తానంది. హాల్ దాటితే మళ్లీ లోపలికి రానివ్వరని స్కూలు నిబంధన, అంటే ఆమె ప్రామ్ కూడా అక్కడితో ముగిసినట్టే. డ్యూటీ పేరెంట్ ఉన్నందువల్ల ఈ ముడి విడిపోయింది. ఆవిడే కాఫీ షాపు నుంచి వచ్చి, స్కూలు టీచర్‌తో మాట్లాడి, అమ్మాయి తల్లికి ఫోన్ చేసి, వెంట వెళ్లారు. ఇంటి తలుపు తెరిచి తల్లి చేతికి అందించాకే బండి కదిలింది. 10:35కి ఎస్‌యూవీ తిరిగి హాల్ దగ్గరుంది.

11 గంటలకు హాల్ ముందు వరుసగా నల్లటి బండ్లు. స్ప్రింటర్లన్నీ ఒకేలా ఉంటాయి, నంబర్ ప్లేట్లు చీకట్లో కనపడవు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఫోన్ బ్యాటరీ అయిపోయిన పిల్లలు అందరూ ఒకే బండి వెతుక్కుంటారు. దీనికి ఉపాయం ఒక అమ్మమ్మది. మామిడిపండు రంగు చున్నీ ఇచ్చారు. స్ప్రింటర్ ముందద్దం లోపల డాష్‌బోర్డ్ నిండా పరిచాం. ఎస్‌యూవీకి అలాంటిదే ఎర్రది. పిల్లలకు ముందే చెప్పి ఉంచాం: మెయిన్ డోర్ కాదు, చలికోటులు దాచుకునే గది పక్క తలుపు, పసుపా ఎరుపా చూసుకోండి అని. లిస్టు చూసి పేరు పేరునా ఎక్కించుకుని 11:25కి రెండు బండ్లూ కదిలాయి. డైనర్‌లో డ్యూటీ పేరెంట్ దూరంగా వేరే టేబుల్ దగ్గర కూర్చున్నారు. ఒంటిగంట ఇరవైకి చివరి పిల్లాడు ఇంట్లో ఉన్నాడు. ఓవర్‌టైమ్ పడలేదు.

తర్వాత

ఈ కేసు తర్వాత మా ప్రామ్ బుకింగ్ ఫారమ్ క్రమం మార్చాను. ఇప్పుడు మొదటి గడి చివరి డ్రాప్ టైమ్, రెండోది నేరుగా ఇంటికి వెళ్లేవాళ్ల పేర్లు, మూడోది డ్యూటీ పేరెంట్ ఫోన్ నంబర్. బండి ఏది అన్నది ఆ తర్వాతే వస్తుంది. డ్యూటీ పేరెంట్ గడి ఖాళీగా ఉంటే కన్ఫర్మేషన్ పంపను. దీనివల్ల ఒకటి రెండు బుకింగులు వేరే కంపెనీలకు పోయాయి, పోనివ్వండి.

బిల్లు పంచుకునేటప్పుడు ఒక తండ్రి ఎస్‌యూవీ వాటా గురించి అభ్యంతరం చెప్పారు. తమ అబ్బాయి అందులో ఎక్కలేదు కదా అని. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నేను చెప్పిందల్లా, ఎవరు ఎక్కుతారో ముందే తెలియని బండికి అందరూ కలిసి కట్టాలని. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ కట్టారు. అప్పటి నుంచి రెండో బండి ఖర్చు అందరికీ సమానమని ఒప్పందం మొదటి పేజీలోనే రాస్తున్నాను.